పెళ్లిరోజుకు మూడు రోజులు ఇద్దరికే: అరిజోనా చలికాలంలో డిస్క్ గోల్ఫ్ ట్రిప్

మన ఇళ్లలో డిసెంబరు, జనవరి వచ్చాయంటే నికాహ్‌ల సీజన్. కారణం అందరికీ తెలిసిందే. అమెరికాలో ఉద్యోగం చేసే అబ్బాయికి క్రిస్మస్, న్యూ ఇయర్ సెలవులు కలిసొచ్చేది అప్పుడే. రెండు మూడు వారాల్లో షాదీ, వలీమా, నాలుగు దావత్‌లు, ఆ వెంటనే వీసా పనులు. అందుకే డాలస్‌లోనో, షికాగోలోనో, న్యూజెర్సీలోనో కాపురం పెట్టిన మన జంటల్లో చాలామందికి పెళ్లిరోజు గడ్డకట్టే చలిలోనే వస్తుంది.

ఆ రోజు ఎలా గడుస్తుందో కూడా తెలిసిందే. పొద్దున ఆఫీసు కాల్, మధ్యాహ్నం పిల్లల స్కూలు, రాత్రి ఇండియాకి వీడియో కాల్. అమ్మీ దువా ఇస్తారు, ఖాలా "ఏం స్పెషల్?" అని అడుగుతారు. ఫోన్ పెట్టేశాక ఇద్దరూ చెరో స్క్రీన్ ముందు కూర్చుంటారు. గొడవేమీ ఉండదు, మాటలూ ఉండవు. ఇక్కడ చిన్న చిన్న మనస్పర్థలు వస్తే సర్దిచెప్పడానికి ఇంట్లో పెద్దవాళ్లు ఉంటారు. అక్కడ ఆ ఇద్దరికీ ఆ ఇద్దరే దిక్కు.

పెళ్లిరోజు జరుపుకోవాలా, కేక్ కోయాలా వద్దా అనే చర్చ ఇక్కడ చేయడం లేదు. తారీఖు సంగతి పక్కన పెట్టినా, ఏడాదికి ఒకసారి భార్యాభర్తలు రెండు మూడు రోజులు తమకోసం తీసుకోవడం అవసరం. అలాంటి ఒక ట్రిప్‌ను ఎలా ప్లాన్ చేసుకోవాలో చూద్దాం. ఊరు అరిజోనాలోని ఫీనిక్స్ పరిసరాలు. ఆట డిస్క్ గోల్ఫ్.

డిస్క్ గోల్ఫ్ అంటే ఏమిటి?

పేరులో గోల్ఫ్ ఉందని భయపడకండి. క్లబ్ మెంబర్‌షిప్ అక్కర్లేదు, ఖరీదైన కర్రలు అక్కర్లేదు. ఫ్రిస్బీ లాంటి ప్లాస్టిక్ డిస్క్‌ను విసురుతూ, గొలుసులు వేలాడే ఇనుప బుట్టలో పడేలా చేయడమే ఆట. చిన్నప్పుడు గోలీని గుంతలో వేసినట్టే, కాకపోతే గుంత 200, 300 అడుగుల దూరంలో ఉంటుంది.

మొదటి విసురు 'టీ' అనే చోటు నుంచి (మన చాయ్ కాదు). డిస్క్ ఎక్కడ పడితే రెండో విసురు అక్కడి నుంచి. ఎన్ని విసుర్లలో బుట్టలో పడిందో లెక్క రాసుకుంటారు. తక్కువ విసుర్లు పట్టినవాళ్లు గెలిచినట్టు. చెరువులోనో, హద్దు దాటో పడితే లెక్కకు ఒకటి కలుస్తుంది. మామూలుగా ఒక కోర్సులో 9 లేదా 18 బుట్టలు ఉంటాయి. కొత్తవాళ్లు ఇద్దరు 18 ఆడటానికి రెండు నుంచి రెండున్నర గంటలు పడుతుంది.

ఈ ఆటకు మొదటి శాశ్వత కోర్సు 1975లో కాలిఫోర్నియాలో, పాసడీనా దగ్గరి ఓక్ గ్రోవ్ పార్కులో వచ్చింది. దాన్ని రూపొందించింది ఎడ్ హెడ్రిక్. గొలుసుల బుట్ట కూడా ఆయన ఆలోచనే. ఇప్పుడు అమెరికాలో వేల సంఖ్యలో కోర్సులు ఉన్నాయి, చాలావరకు ఊరి పార్కుల్లో ఉచితంగానే ఆడుకోవచ్చు.

మన జంటలకు ఇదే ఎందుకు?

మొదటి కారణం, ఇది నడక మీద సాగే ఆట. ఒక విసురుకి, ఇంకో విసురుకి మధ్య ఇద్దరూ పక్కపక్కన నడవాలి. ఎదురెదురుగా కూర్చుని "ఇప్పుడు మాట్లాడుకుందాం" అంటే మాట రాదు. నడుస్తుంటే అదే వస్తుంది. చేతిలో డిస్క్ ఉంటే ఫోన్ జేబులోనే ఉండిపోతుంది.

రెండో కారణం, బట్టల గొడవ లేదు. యూనిఫాం లేదు. హిజాబ్ కట్టుకుని, పొడవు చేతుల వదులు టాప్ వేసుకుని హాయిగా ఆడవచ్చు. అబాయా వేసుకునేవారు కాళ్లకు అడ్డుపడని పొడవు చూసుకోండి. గాలికి ముఖం మీద పడకుండా స్కార్ఫ్‌కు రెండు పిన్నులు ఎక్కువ పెట్టుకుంటే చాలు. మీ ఇద్దరే ఆడుకోవచ్చు, ఇంకెవరితోనూ జట్టు కట్టాల్సిన పని లేదు.

మూడోది, బలం కంటే ఓపిక ముఖ్యం. జిమ్‌కి వెళ్లే భర్త గట్టిగా విసిరితే డిస్క్ పక్కకి పోవచ్చు, బేగం నెమ్మదిగా వేసింది నేరుగా బుట్ట దగ్గర పడవచ్చు. మన ప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (ర.అ)తో పరుగు పందెం వేసిన సంగతి మనకు తెలిసిందే. ఒకసారి ఆమె గెలిచారు, ఇంకోసారి ఆయన గెలిచారు. భార్యతో ఆడుకోవడం చిన్నతనం కాదు.

ఫీనిక్స్ ఎందుకు, ఎప్పుడు?

షికాగోలో మంచు పడే రోజుల్లో ఫీనిక్స్‌లో పగలు 18 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. మన హైదరాబాద్ సంక్రాంతి పొద్దుటిపూట లాంటి వాతావరణం. కానీ ఎడారి కాబట్టి సూర్యుడు దిగగానే చలి పట్టుకుంటుంది, రాత్రికి 7 డిగ్రీల దాకా పడిపోతుంది. పగటికి సన్‌స్క్రీన్, రాత్రికి జాకెట్, రెండూ కావాలి.

ఖర్చు గురించి ఒక మాట. ఫీనిక్స్‌లో చలికాలమే గిరాకీ ఉండే సీజన్. చలి తప్పించుకోవడానికి ఉత్తరాది రాష్ట్రాల పెద్దవాళ్లు వచ్చి నెలల తరబడి ఉంటారు. ఫిబ్రవరి మొదట్లో స్కాట్స్‌డేల్‌లో పెద్ద గోల్ఫ్ టోర్నమెంటు, ఆ తర్వాత మార్చి దాకా బేస్‌బాల్ జట్ల ప్రాక్టీస్ మ్యాచ్‌లు ఉంటాయి. ఆ రోజుల్లో హోటల్ రేట్లు బాగా పెరుగుతాయి. క్రిస్మస్ వారంలో విమానం టికెట్లు మండుతాయి. డిసెంబరు మొదటి రెండు వారాలు వీలైతే జేబుకు మంచిది. పెళ్లిరోజు డిసెంబరు 27 అయినా, 12న వెళ్తే ఎవరూ ఏమీ అనరు.

ఇంకో లెక్క చాలామంది మర్చిపోతారు. రంజాన్ ఏటా పదకొండు రోజుల దాకా ముందుకు జరుగుతూ ఇప్పుడు చలికాలంలోకి వస్తోంది. నెలవంకను బట్టి ఒక రోజు అటూ ఇటూగా 2027లో ఫిబ్రవరి 8 ప్రాంతంలో, 2028లో జనవరి చివర్లో, 2029లో జనవరి మధ్యలో మొదలవుతుంది. 2030లో అయితే జనవరి మొదట్లో ఒకసారి, డిసెంబరు చివర్లో మరోసారి రంజాన్ వస్తుంది. ముందుగానే టికెట్లు కొనేవాళ్లు ఈ తేదీలు చూసుకోండి.

పిల్లల్ని ఎవరికి అప్పజెప్పాలి?

అసలు ట్రిప్ ఆగిపోయేది ఇక్కడే. ఇండియా నుంచి అమ్మానాన్నలో, అత్తమామలో వచ్చి ఉన్నప్పుడు ప్లాన్ చేసుకోవడం తేలిక. కానీ వాళ్ల మీద అంతా వదిలేసి వెళ్లకండి. చాలామంది పెద్దవాళ్లు అక్కడ కారు నడపరు. అందుకని ఈ పనులు ముందే చేసిపెట్టండి.

పిల్లలకు వైద్యం చేయించడానికి వాళ్లకు అనుమతి ఇస్తున్నట్టు ఒక ఉత్తరం రాసి, సంతకం పెట్టి, ఇన్సూరెన్స్ కార్డు కాపీతో పాటు ఫ్రిజ్ మీద పెట్టండి. పిల్లల డాక్టరు నంబరు, దగ్గర్లో కారున్న ఒక స్నేహితుల కుటుంబం నంబరు పెద్ద అక్షరాలతో రాయండి. ఆపద వస్తే 911 అని చెప్పి, ఇంటి అడ్రసు ఇంగ్లీషులో చెప్పడం ఒకసారి ప్రాక్టీస్ చేయించండి. తాలింపు పొగకు అలారం మోగితే ఏం చేయాలో చూపించండి. స్కూలు ఉన్న రోజు అయితే పిల్లల్ని ఎవరు తీసుకెళ్తారో, ఎవరు తీసుకొస్తారో స్కూలుకు ముందే తెలియజేయండి.

పెద్దవాళ్లను కూడా ఒక మాట అడగాలి. "మేమిద్దరం మూడు రోజులు వెళ్లొస్తాం, మీకు కష్టమవుతుందా?" అని. చెప్పడం వేరు, అడగడం వేరు. అడిగితే చాలామంది అమ్మీలు "వెళ్లిరండి బేటా" అనే అంటారు.

మూడు రోజుల ప్లాన్

శుక్రవారం: పొద్దుటి విమానంలో బయల్దేరండి. డాలస్ నుంచి ఫీనిక్స్‌కు మూడు గంటల లోపే. ఫీనిక్స్ టైము చలికాలంలో డాలస్ కంటే ఒక గంట వెనక. ఎయిర్‌పోర్టుకు దగ్గర్లోనే టెంపీ ఊరు ఉంది. అక్కడి యూనివర్సిటీ పక్కన ఉన్న మసీదును జెరూసలేంలోని డోమ్ ఆఫ్ ది రాక్ నమూనాలో 1984లో కట్టారు. జుమా అక్కడ చదువుకోవచ్చు, జమాత్ టైము ముందు రోజే చూసుకోండి. సాయంత్రం దగ్గర్లోని పపాగో పార్కులో 'హోల్ ఇన్ ద రాక్' అనే ఎర్రరాతి గుట్ట ఎక్కండి. చిన్న ఎక్కుడే. రాతిలోని రంధ్రం లోంచి ఊరంతా కనిపిస్తుంది. ఆ రోజుకు అంతే చాలు.

శనివారం: ఇది ఆట రోజు. ఎయిర్‌పోర్టు నుంచి కారులో 40 నిమిషాల దూరంలో ఫౌంటెన్ హిల్స్ అనే చిన్న ఊరు ఉంది. ఊరి మధ్య చెరువు, చెరువు మధ్య 1970లో పెట్టిన ఫౌంటెన్. పూర్తి శక్తితో నడిపితే నీళ్లు 560 అడుగుల ఎత్తుకు లేస్తాయి. మామూలు రోజుల్లో అంత ఎత్తు ఉండకపోయినా, పగలంతా గంట గంటకూ కాసేపు వదులుతారు. గాలి ఎక్కువైతే ఆపేస్తారు. ఆ చెరువు చుట్టూ పచ్చిక మీద ఉన్నదే డిస్క్ గోల్ఫ్ కోర్సు. పొద్దున తొమ్మిదింటికి మొదలుపెడితే జొహర్‌కు ముందే ముగించుకోవచ్చు.

ఒక జాగ్రత్త. డిస్క్ చెరువులో పడితే దాని కోసం దిగకండి. అది శుద్ధి చేసి మళ్లీ వాడే నీరు, అందులో దిగనివ్వరు. కాబట్టి నీటి పక్కన ఉన్న బుట్టలకు పాత డిస్క్ వాడండి, లేదా ఆ బుట్ట వదిలేయండి. వుజూ కోసం కారులో రెండు సీసాల నీళ్లు ఉంచుకోండి.

ఆదివారం: స్కాట్స్‌డేల్‌లోని విస్టా డెల్ కమీనో పార్కులో ఇంకో కోర్సు ఉంది. ఎయిర్‌పోర్టుకు పోయే దారికి దగ్గరే. ముందు రోజు ఆట నచ్చితే తొమ్మిది బుట్టలు ఆడండి, ఒళ్లు నొప్పులుంటే బెంచీ మీద కూర్చుని చాయ్ తాగండి. రెండు కోర్సులకూ వెళ్లేముందు ఆ రోజు తెరిచి ఉందా, టోర్నమెంటు ఏమైనా ఉందా, రుసుము ఉందా అన్నది చూసుకోండి. యూడిస్క్ అనే ఫోన్ యాప్‌లో కోర్సుల వివరాలు, మ్యాపు దొరుకుతాయి, లెక్క కూడా రాసుకోవచ్చు.

"గ్రాండ్ కాన్యన్ అంత దగ్గర పెట్టుకుని చూడకుండా రావడమా?" అని ఎవరో ఒకరు అంటారు. దగ్గరేమీ కాదు. ఒకవైపే కారులో మూడున్నర, నాలుగు గంటలు. ఏడు వేల అడుగుల ఎత్తు, డిసెంబరులో రోడ్డు మీద మంచు. దాన్ని పిల్లలతో ఇంకో ట్రిప్‌కు ఉంచండి. అలాగే చాండ్లర్‌లో ఉన్న మామూ కొడుక్కి వచ్చినట్టు చెబితే శనివారం మొత్తం దావత్‌లోనే పోతుంది. బంధుత్వం తెంచుకోమని కాదు. ఎయిర్‌పోర్టుకు వెళ్లేముందు ఒక గంట కలిసి సలాం చెప్పి రండి.

నమాజు, తిండి

డిసెంబరులో పగలు చాలా చిన్నది, ఫీనిక్స్‌లో పది గంటలే. నెల చివర్లో జొహర్ సుమారు 12:30కి, హనఫీ లెక్క ప్రకారం అసర్ 3:50 ప్రాంతంలో, మగ్రిబ్ 5:30కి కాస్త ముందు. అంటే మధ్యాహ్నం రెండింటికి ఆట మొదలుపెడితే మధ్యలో అసర్ వస్తుంది, చివరి బుట్టలకు చీకటి పడుతుంది. అందుకే పొద్దుటి ఆట మేలు. ప్రయాణంలో నాలుగు రకాతుల ఫర్జ్ రెండుగా చదివే ఖస్ర్ సౌలభ్యం ఉంది. రెండు నమాజులు కలిపి చదవడంలో మస్లక్‌ను బట్టి తేడా ఉంటుంది కాబట్టి మీరు అనుసరించే ఆలిమ్‌ను అడగండి. ఒక పలచటి జానమాజ్ డిస్కుల బ్యాగులోనే పట్టేస్తుంది.

హలాల్ హోటళ్లు టెంపీ, చాండ్లర్, మేసా వైపు దొరుకుతాయి. ఫౌంటెన్ హిల్స్ వైపు వెళ్లేటప్పుడు మాత్రం తిండి కట్టుకుని వెళ్లండి. ఇండియన్ రెస్టారెంట్ అనగానే హలాల్ అనుకోవద్దు. కొన్నిచోట్ల చికెన్ ఒక్కటే హలాల్ ఉంటుంది, అడగాలి. అరిజోనాలో మెక్సికన్ తిండి ఎక్కువ. అక్కడ శాకాహారం అనుకుని తినే రుబ్బిన బీన్స్‌లో, గోధుమ రొట్టెల్లో పంది కొవ్వు వేసే అలవాటు ఉంది. "ఇందులో లార్డ్ ఉందా?" అని అడిగి తీసుకోండి. చిన్న వంటిల్లు ఉన్న గది తీసుకుంటే ఖర్చూ తగ్గుతుంది, ఈ చింతా తగ్గుతుంది. కొన్ని రిసార్టులు కేసినోలతో కలిసి ఉంటాయి, బుక్ చేసేముందు చూసుకోండి.

ఏం కొనాలి, ఏం తీసుకెళ్లాలి?

ఇద్దరికీ కలిపి మూడు డిస్కుల సెట్ ఒకటి చాలు. దూరానికి డ్రైవర్, మధ్య దూరానికి మిడ్‌రేంజ్, బుట్ట దగ్గర వేయడానికి పటర్. సెట్ 25 నుంచి 40 డాలర్ల మధ్య దొరుకుతుంది. కొత్తవాళ్లకు 150 గ్రాముల ప్రాంతంలో ఉన్న తేలికవి మంచివి. డిస్క్ వెనకవైపు పేరు, ఫోన్ నంబరు రాయండి. పోతే దొరికినవాళ్లు ఫోన్ చేస్తారు. ఆట నచ్చకపోతే పిల్లలు ఆడుకుంటారు, డబ్బు వృథా పోదు.

మొదట్లో డ్రైవర్ పక్కన పెట్టి మిడ్‌రేంజ్‌తోనే అన్నీ విసరండి. డిస్క్‌ను ఛాతీ ఎత్తులో నేలకు సమంగా లాగి వదలాలి, పైకి ఎత్తి విసరకూడదు. కుడిచేత్తో మామూలుగా విసిరితే చివర్లో ఎడమవైపు తిరుగుతుంది, కాబట్టి బుట్టకు కొంచెం కుడివైపు గురిపెట్టండి. ముందు ఎవరైనా నడుస్తుంటే ఆగండి. డిస్క్ అంచు గట్టిది, తగిలితే దెబ్బ. పార్కులో నడిచే పెద్దవాళ్లకు, పిల్లలకు ముందు దారి ఇవ్వాలి. వెనక వచ్చేవాళ్లు మీకంటే వేగంగా ఆడుతుంటే పక్కకు జరిగి ముందు పోనివ్వండి.

కాగితాల సంగతి కూడా. 2025 మే నుంచి దేశంలో తిరిగే విమానాలకు కూడా రియల్ ఐడీ లైసెన్సు కావాలి. అది లేకపోతే ఇండియా పాస్‌పోర్టు చూపించవచ్చు. వీసా మీద ఉన్నవారు పాస్‌పోర్టు, ఐ-94 కాపీ దగ్గర ఉంచుకోండి. అరిజోనా సరిహద్దు రాష్ట్రం, దక్షిణం వైపు రోడ్ల మీద తనిఖీలు ఉంటాయి.

చివరగా, ఎలా ఆడాలి?

ఇద్దరూ పోటీ పడి ఆడవచ్చు. కానీ మొదటిసారి జోడీగా ఆడి చూడండి. పద్ధతి ఇది. టీ నుంచి ఇద్దరూ విసరాలి. రెండింటిలో ఏది బాగా పడిందో ఇద్దరూ కలిసి నిర్ణయించుకోవాలి. రెండో డిస్క్‌ను తీసేసుకుని, బాగా పడిన చోటి నుంచే మళ్లీ ఇద్దరూ విసరాలి. బుట్టలో పడేదాకా ఇలాగే. లెక్క ఇద్దరికీ కలిపి ఒక్కటే.

ఈ పద్ధతిలో ఒకరి తప్పు ఆటను పాడుచేయదు. చెట్టుకు తగిలిన విసురు గురించి "నేను చెప్పానా లేదా" అనే మాట రాదు, ఎందుకంటే దాన్ని అక్కడే వదిలేసి ముందుకు వెళ్లిపోతారు. ఏది మంచిదో చూడటానికి మాత్రం ప్రతిసారీ ఇద్దరూ కలిసి నడవాలి, ఒకరి మాట ఒకరు వినాలి. ఏడాది కాపురంలో కూడా ఎవరిదో ఒకరి విసురు చెట్టుకు తగిలే ఉంటుంది. ఆ మూడు రోజులు దాన్ని లెక్కలో వేసుకోకండి.

ఆదివారం రాత్రి ఇంటికి చేరాక, పెద్దవాళ్లకు శుక్రియా చెప్పి, పిల్లలకు ఆ డిస్కులు ఇవ్వండి. ఇండియాలో అప్పటికి తెల్లారి ఉంటుంది. అమ్మీకి ఫోన్ చేస్తే ఈసారి కూడా "ఏం స్పెషల్?" అనే అడుగుతారు. ఈసారి చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది, ఇన్షా అల్లాహ్.